గ్లాసుడు పాలు, గంటసేపు ఆట

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో మామూలుగా మాట్లాడుకునే సంగతులు మీకు తెలుసు. వెన్న శాతం ఎందుకు తగ్గింది, దాణా బస్తా ధర ఎంత పెరిగింది, ఎండాకాలంలో పచ్చిమేతకు దారి ఏమిటి, బోనస్ ఎప్పుడు ఇస్తారు అనేవే ఎక్కువ. అవన్నీ ముఖ్యమైనవే. ఈవేళ మాత్రం మీ పిల్లలను గురించి, వారి ఆటలను గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను అడిగారు. పాల సంఘం సభలో పిల్లల ఆటల ప్రస్తావన ఏమిటని కొందరికి అనిపించవచ్చు. దానికి ఒక కారణం ఉంది.

పాడి ఉన్న ఇంట్లో రెండు పూటలా పని తప్పదు. సాయంత్రం అయ్యేసరికి తల్లి గేదె దగ్గర ఉంటుంది. తండ్రి మేత వేస్తూ ఉంటాడు, లేదా పాల క్యాను పట్టుకొని కేంద్రం దగ్గర వరుసలో నిలబడి ఉంటాడు. సరిగ్గా ఆ వేళకే పిల్లలు బడినుంచి ఇంటికి వస్తారు. వెనుక ఆ వేళకు వీధి అంతా పిల్లల కేకలతో నిండిపోయేది. ఇప్పుడు చాలా ఇళ్ళలో ఆ వేళకు సెల్‌ఫోను వెలుగుతోంది. గేదె చేపి, పాలు పితకడం పూర్తయ్యేదాకా బిడ్డ కొట్టంలోకి రాకుండా, ఏడవకుండా ఒకచోట కూర్చోవాలని ఫోను చేతిలో పెడుతున్నాం. ఇందులో తల్లిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఆమెకు ఉన్నవి రెండే చేతులు. కాని మనకు తెలియకుండానే బిడ్డకు ముఖ్యమైన ఒక గంట ఆ విధంగా పోతోంది. ఆ గంటను తిరిగి ఎట్లా సంపాదించుకోవాలన్నదే నేను చెప్పబోయే విషయం.

పాలు బిడ్డ ఒంటికి కావలసిన సరుకును ఇస్తాయి. మాంసకృత్తులు, సున్నం, కొవ్వు అన్నీ అందులో ఉన్నాయి. అయితే సరుకు తెచ్చి వాకిట్లో పోసినంత మాత్రాన ఇల్లు లేవదు కదా. ఆ సరుకుతో ఎముకను, కండను గట్టిపరిచేది, గట్టిపడిన ఒంటిని అదుపులో పెట్టుకునే నేర్పు ఇచ్చేది ఆట. పరుగు, గెంతు, ఎక్కడం, దిగడం, విసరడం, పట్టడం, ఒంటికాలిమీద నిలవడం ఇవన్నీ చదువువలె నేర్చుకోవలసిన విద్యలే. వయసు వస్తే వాటంతట అవే వస్తాయని అనుకోవడం సరి కాదు.

దూడ, బిడ్డ

మీకు బాగా తెలిసిన దానితో మొదలుపెడతాను. దూడ పుట్టిన గంట రెండు గంటలలో తడబడుతూ లేచి నిలబడుతుంది, పొదుగు వెతుక్కుంటుంది. నాలుగు రోజులు గడిస్తే పలుపు విప్పగానే తోక ఎత్తి దొడ్డి అంతా చిందులు వేస్తుంది. అది ఊరికే అల్లరి అని మీరు అనుకోరు. దూడ ఆరోగ్యంగా ఉందనడానికి అది గుర్తు అని చూడగానే చెబుతారు. చిందులు మాని ఒక మూల నిలబడితే, వెంటనే చెవులు పట్టి చూసి జ్వరమేమోనని అనుమానిస్తారు. ఎదిగే పెయ్యను ఇరవై నాలుగు గంటలూ గాటికి కట్టి ఉంచకూడదని, రోజూ కొంతసేపు తిరగనివ్వాలని పశువుల డాక్టర్లు చెబితే ఒప్పుకుంటున్నాం.

మనిషి బిడ్డ సంగతి వేరు. నిలబడడానికి సుమారు ఏడాది పడుతుంది. నిలకడగా పరుగెత్తడానికి, గెంతడానికి ఇంకా కొన్ని ఏళ్ళు పడుతుంది. దూడ ఎక్కువ భాగం తల్లి కడుపులోనే నేర్చుకొని వస్తే, మన బిడ్డ నేలమీద నేర్చుకోవాలి. అందుకే మన బిడ్డకు నేల మరింత అవసరం. పెయ్యను గంటసేపు విడవాలని తెలిసిన మనం, బిడ్డను బడిలో బల్లకు, ఆటోలో సీటుకు, ఇంట్లో ఫోనుకు కట్టివేస్తే ఎట్లా?

నిలకడ ఎక్కడినుంచి వస్తుంది?

మనిషి రెండు కాళ్ళమీద పడిపోకుండా నిలబడడం చిన్న పని కాదు. దానికి మూడు చోట్లనుంచి మెదడుకు కబుర్లు అందుతూ ఉండాలి.

మొదటిది చెవి. చెవి లోపలి భాగంలో వినికిడితో పనిలేని మూడు సన్నని వంపు గొట్టాలు ఉన్నాయి. వాటిలో ద్రవం ఉంటుంది. తల తిప్పినప్పుడు ఆ ద్రవం కదలి, తల ఏ వైపుకు తిరిగిందో తెలియజేస్తుంది. వాటి పక్కనే ఇసుక రేణువులవంటి సున్నపు పలుకులు ఉన్న చిన్న సంచులు రెండు ఉంటాయి. తల వాలినా, ఒళ్ళు పైకి లేచినా, కిందికి దిగినా అవి చెబుతాయి. రెండవది కన్ను. చుట్టూ ఉన్న గోడ, చెట్టు నిటారుగా ఉన్నాయా, మనం వాలామా అన్నది కన్ను చూసి చెబుతుంది. మూడవది అరికాలు, కీళ్ళు, కండరాలు. బరువు మడమ మీద పడిందా, వేళ్ళమీద పడిందా, మోకాలు ఎంత వంగింది అన్నది అవి తెలుపుతాయి. ఈ మూడు కబుర్లను చిన్నమెదడు సరిచూసి, ఏ కండ ఎంత బిగించాలో, ఏది వదలాలో సరిదిద్దుతూ ఉంటుంది.

ఇంటికి వెళ్ళాక ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడండి. ఫర్వాలేదు, నిలవగలుగుతారు. అట్లాగే నిలబడి కళ్ళు మూయండి. వెంటనే ఊగిపోతారు. మూడు కబుర్లలో ఒకటి ఆగిపోయింది గనుక మిగిలిన రెండింటి మీద భారం పడింది. చిన్నపిల్లలు నిలకడకోసం కళ్ళ మీదనే ఎక్కువ ఆధారపడతారు. మూడింటినీ పెద్దవారివలె కలుపుకోవడం ఏడెనిమిదేళ్ళ వయసునుంచి క్రమంగా అలవడుతుంది. చీకట్లో గట్టుమీద నడిచే రైతుకు, తలమీద గడ్డిమోపు పెట్టుకొని కాలువ దాటే అమ్మకు ఆ నేర్పు చిన్ననాటి ఆటలలోనే మొదలయింది.

ఒక పని ఎన్నిమార్లు చేస్తే అంతగా ఆ దారి మెదడులో చదును అవుతుంది. పొలానికి రోజూ నడిచే దారిలో గడ్డి మొలవదు. నడక మానిన దారి మూసుకుపోతుంది. బిడ్డ విషయంలోనూ అంతే.

మొదటి ఏడాది

బోర్లపడడం, పాకడం, నిలబడడం, నడవడం ఈ వరుస మన అమ్మమ్మలకు తెలియనిది కాదు. బోర్లపడితే బొబ్బట్లు చేసి పంచుకున్న ఇళ్ళు మనవి. ఆ ముచ్చటలో మంచి వివేకం ఉంది. బిడ్డ బోర్లపడి మెడ ఎత్తినప్పుడే మెడ, భుజాలు, వెన్ను గట్టిపడడం మొదలవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ళలోపు పిల్లలకోసం కొన్ని సూచనలు ప్రకటించింది. ఇంకా పాకడం రాని బిడ్డను మెలకువగా ఉన్నప్పుడు, పెద్దవారు దగ్గర ఉండగా, రోజు మొత్తంమీద కనీసం 30 నిమిషాలు బోర్లా పడుకోబెట్టాలని అందులో ఉంది. ఒక్కసారిగా అరగంట అక్కరలేదు. ఐదేసి నిమిషాల చొప్పున ఆరు మార్లు అయినా చాలు. నిద్రకు మాత్రం వెల్లకిల పడుకోబెట్టాలి. ఏ బిడ్డనూ గంటకు మించి ఒకేచోట కట్టినట్లు కూర్చోబెట్టవద్దని, ఏడాదిలోపు బిడ్డకు ఫోను, టీవీ అసలే చూపవద్దని కూడా ఆ సూచనలలోనే ఉంది.

పక్కింటి బిడ్డ తొమ్మిదో నెలలో నడిచింది, మా వాడు ఇంకా నడవలేదని దిగులుపడే తల్లులు ఉంటారు. మన దేశంతో సహా ఐదు దేశాల ఆరోగ్యవంతులైన పిల్లలను పరిశీలించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఒక పట్టిక వెలువరించింది. ఆసరా లేకుండా కూర్చోవడం సుమారు 4వ నెలనుంచి 9వ నెల మధ్యన, సొంతంగా నడవడం సుమారు 8వ నెలనుంచి 17వ నెల దాటేవరకు ఎప్పుడైనా రావచ్చునని అందులో తేలింది. కొద్దిమంది పిల్లలు చేతులమీద, మోకాళ్ళమీద పాకకుండానే నడకలోకి వెళ్ళిపోయారు. కనుక నెల అటూ ఇటూ అయితే కంగారుపడనక్కరలేదు. పోటీ అంతకన్నా అక్కరలేదు.

ఈ మధ్య సంతలలోను, పట్నం దుకాణాలలోను చక్రాల బండి దొరుకుతోంది. బిడ్డను మధ్యలో కూర్చోబెడితే కాళ్ళతో నెట్టుకుంటూ తిరుగుతుంది. వాకర్ అంటారు. త్వరగా నడక వస్తుందని డబ్బు పోసి కొంటున్నాం. దానివల్ల నడక ముందు రాదు. బిడ్డ తన బరువు తాను మోయదు, తన పాదాలు తాను చూసుకోదు, పడబోయి నిలదొక్కుకోవడం నేర్చుకోదు. పైగా గడపమీదనుంచి, మెట్లమీదనుంచి బండితో సహా దొర్లిపడే ప్రమాదం ఉంది. ఈ ప్రమాదాలవల్లనే కెనడా దేశం 2004లో వాటి అమ్మకాన్ని నిషేధించింది. మన వడ్రంగులు చేసే మూడు చక్రాల కొయ్య నడకబండి వేరు. బిడ్డ నిలబడి, తన బరువు తాను మోస్తూ దానిని తోసుకుంటూ నడుస్తుంది. పెద్దలు పక్కన ఉంటే, నేల చదునుగా ఉంటే అది మంచిదే.

పడడమూ పాఠమే

నడక నేర్చుకునే బిడ్డ ఎంత కష్టపడుతుందో లెక్కపెట్టిన వారు ఉన్నారు. అమెరికాలో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కేరన్ అడాల్ఫ్ అనే శాస్త్రవేత్త, ఆమె తోటివారు 12 నుంచి 19 నెలల వయసు పిల్లలను ఆడుకుంటూ ఉండగా గమనించారు. 2012లో వారు ప్రకటించిన లెక్క ప్రకారం, ఒక్క గంటలో ఆ పిల్లలు సగటున 2,368 అడుగులు వేశారు. అదే గంటలో 17 మార్లు పడ్డారు. పడి లేచారు, మళ్ళీ నడిచారు.

ఈ అంకెలను చంకలో బిడ్డను దించని ప్రతి ఇల్లూ ఒకసారి ఆలోచించాలి. దింపితే పడుతుందని ఎత్తుకుంటున్నాం. పడకపోతే నిలవడం రాదు. పడేటప్పుడు చేయి ముందుకు చాచడం, మోకాలు వంచడం, తల కాపాడుకోవడం కూడా పడడంలోనే నేర్చుకుంటుంది. మనం చేయవలసిందల్లా పడే చోటు మెత్తగా, రాళ్ళూ గుంటలూ లేకుండా చూడడం.

ఒకటి రెండేళ్ళ పిల్లలు రోజు మొత్తంమీద కనీసం 180 నిమిషాలు, అంటే మూడు గంటలు, ఏదో విధంగా కదులుతూ ఉండాలి. మూడు నాలుగేళ్ళ వారికి ఆ మూడు గంటలలో ఒక గంట ఒళ్ళు వెచ్చబడే ఆట ఉండాలి. ఐదేళ్ళనుంచి 17 ఏళ్ళ వరకు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు గుండె వేగంగా కొట్టుకునే ఆటో, పరుగో ఉండాలని, వారంలో మూడు రోజులైనా ఎముకకు, కండకు బలమిచ్చే గెంతులు, ఎక్కడాలు ఉండాలని అదే సంస్థ 2020లో చెప్పింది. గంట అన్నది పెద్ద కోరిక కాదు. గడ్డి కోసుకొని వచ్చేపాటి సమయం.

మన ఆటలలో ఏముంది?

దీనికోసం పట్నంనుంచి సామాను తెప్పించనక్కరలేదు. మన ఊరి ఆటలను ఒక్కొక్కటి తీసి చూడండి.

తొక్కుడు బిళ్ళ: ఒంటికాలితో కుంటుతూ, గీత తొక్కకుండా, బిళ్ళను వేలితో నెట్టుకుంటూ వెళ్ళాలి. నిలకడకు దీనికి మించిన పాఠం లేదు. బిళ్ళను గడిలో పడేటట్లు విసరడంలో కంటికి, చేతికి పొత్తు కుదురుతుంది. సాధారణంగా నాలుగైదేళ్ళకు కుంటడం వస్తుంది. అప్పటినుంచి ఈ ఆట ఆడించవచ్చు.

కోతి కొమ్మచ్చి: కొమ్మ పట్టుకొని ఎక్కడం, చూసి దూకడం. భుజాలకు, పిడికిలికి బలం. ఎంత ఎత్తునుంచి దూకవచ్చునో అంచనా వేసే తెలివి. ఎత్తు లేని చెట్టు, కింద మెత్తని నేల ఉండాలి.

ఏడుపెంకులాట: గురి, పరుగు, బంతి తగలకుండా ఒళ్ళు తిప్పుకోవడం, ఆ తొందరలోనే పెంకులను పడకుండా పేర్చడం. పెద్ద కదలిక, చిన్న కదలిక రెండూ ఒకే ఆటలో ఉన్నాయి.

ఒప్పులకుప్ప: ఇద్దరు చేతులు పట్టుకొని గిర్రున తిరగడం. చెవిలోని ఆ ద్రవానికి ఇది సాము. తిరిగి ఆగాక తూలకుండా నిలవడం నేర్పు.

తాడాట, కబడ్డీ, ఖోఖో: తాడాటలో కాలికి, చేతికి లయ కుదురుతుంది. నేలను తన్ని గెంతినప్పుడల్లా ఎముక మీద భారం పడుతుంది, ఆ భారానికి తట్టుకొనేందుకు ఎముక గట్టిపడుతుంది. కబడ్డీలో ఒక్కసారిగా ఆగడం, వెనుకకు మళ్ళడం ఉంది. ఖోఖోలో కూర్చున్నవారు చప్పున లేచి పరుగందుకోవడం ఉంది.

గోళీలు, బొంగరం, అచ్చనగాయలు: ఇవి వేళ్ళకు సాము. రేపు పలక పట్టి అక్షరం దిద్దేది ఆ వేళ్ళే. అయితే మూడేళ్ళలోపు పిల్లలకు గోళీలు, చింతగింజలు ఇవ్వవద్దు. నోట్లో, ముక్కులో పెట్టుకుంటారు.

ఒక్కొక్క ఆట ఒక్కొక్క నేర్పు ఇస్తుంది. గేదెకు ఒక్క వరిగడ్డే వేస్తే సరిపోనట్లే, పిల్లలకు ఒక్క ఆటే చాలదు. పచ్చిమేత, ఎండుమేత, దాణా కలిపి వేసినట్లు, పరుగు ఆట, నిలకడ ఆట, విసిరే ఆట, వేళ్ళ ఆట కలిసి ఉండాలి. ఎండ తగిలే చోట ఆడితే మరొక లాభం కూడా ఉంది. చర్మంమీద ఎండ పడితే విటమిన్ డి తయారవుతుంది. పాలలోని సున్నాన్ని ఒళ్ళు చక్కగా అందుకోవడానికి అది అవసరం. పాలు గ్లాసుతో ఇస్తే, వాటిని ఎముకకు చేర్చే పనిలో ఎండకు, ఆటకు వంతు ఉంది.

నాలుగు సందేహాలు

ఈ మాటలు చెప్పినప్పుడు మామూలుగా నాలుగు సందేహాలు వస్తాయి.

మొదటిది: మా పిల్లలు పని చేస్తున్నారు కదా, ఇంకా ఆట ఎందుకు? పేడ ఎత్తడం, దూడకు నీళ్ళు పెట్టడం వంటి చిన్న పనులు పిల్లలకు మంచివే. కాని పనిలో ఒకే కదలిక మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఆటలో ప్రతి క్షణం కొత్త కదలిక కావాలి, ఏం చేయాలో బిడ్డ తనకు తానే నిర్ణయించుకోవాలి. పైగా పసివయసులో నిండు బిందెలు, పెద్ద మోపులు మోయించడం మెడకు, వెన్నుకు మంచిది కాదు. పని ఆటకు బదులు కాదు.

రెండవది: చదువు పాడవుతుంది. ఆడి వచ్చిన పిల్లవాడికి ఆకలి పుడుతుంది, నిద్ర పడుతుంది, మర్నాడు బడిలో మనసు నిలుస్తుంది. గంటలకొద్దీ కదలకుండా కూర్చోబెట్టిన పిల్లవాడికి కళ్ళు పుస్తకంమీద ఉంటాయి, మనసు ఉండదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడికి ఆటస్థలం ఉండాలని చెప్పిందంటే, ఆట కూడా చదువులో భాగమనే కదా. మీ ఊరి బడికి ఆటస్థలం ఉన్నదా, ఉన్నదానిలో పశువులను కడుతున్నామా, కల్లం చేస్తున్నామా అన్నది మనమే చూసుకోవాలి.

మూడవది: దెబ్బలు తగులుతాయి. మోకాలు గీసుకుంటుంది, నిజమే. గీసుకున్న మోకాలు నాలుగు రోజులలో మానుతుంది. ఎట్లా పడాలో తెలియని ఒళ్ళు పెద్దయ్యాక పడితే ఎక్కువ నష్టపోతుంది.

నాలుగవది పైకి అడగరు, ఆచరణలో పెడతారు: ఆడపిల్లకు ఆట ఏమిటి? పదేళ్ళు దాటేసరికి అబ్బాయి బయట బంతి ఆడుతూ ఉంటాడు, అమ్మాయి చంకలో తమ్ముడు ఎక్కుతాడు. అమ్మలారా, ఈ మాట మీకు ప్రత్యేకంగా చెబుతున్నాను. ఎముక బలమంతా చిన్ననాటినుంచి ఇరవై ఏళ్ళ లోపునే ఎక్కువగా కూడబెట్టుకోవాలి. తరువాత దానిని ఖర్చు పెట్టుకుంటూ పోవడమే. రేపు కాన్పులు, పాలివ్వడం, ఆపైన నలభై యాభై ఏళ్ళ వయసులో నడుము నొప్పులు ఆడవారికే గదా. ఆ ఖాతాలో చిన్నప్పుడు జమ వేయనివ్వకుండా ఆపితే ఎట్లా? గ్లాసుడు పాలు కూడా అబ్బాయికి ముందు, మిగిలితే అమ్మాయికి అనే పద్ధతి ఉన్న ఇళ్ళు ఉంటే, అది కూడా మారాలి. పాలు పితికే చేతులు ఎక్కువగా ఆడవారివే.

ఆట పిల్లలకు మనం వేసే భిక్ష కాదు. 1989లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో ఆడుకోవడం కూడా ఒక హక్కుగా రాసి ఉంది. మన దేశం 1992లో దానిని అంగీకరించింది. ఆ హక్కు ఆడపిల్లకూ ఉంది, కాలు చేయి సరిగా లేని బిడ్డకూ ఉంది. నడవలేని పిల్లవాడిని అరుగుమీద కూర్చోబెట్టి చూడమనడం కాకుండా, కూర్చొని బంతి విసిరే ఆటలో చేర్చండి. అతని నడుము, భుజాలు కూడా బలపడతాయి.

జాగ్రత్తలు

పాడి ఇంట్లో కొన్ని ప్రత్యేక ప్రమాదాలు ఉన్నాయి. గడ్డి కోసే యంత్రం దగ్గరకు పిల్లలను రానివ్వకూడదు. పని అయిపోగానే కరెంటు తీసివేయాలి, చేతితో తిప్పే చక్రమైతే తిరగకుండా కట్టివేయాలి. ఈనిన గేదె, ఆవు బిడ్డ దగ్గరకు వస్తే కుమ్మవచ్చు. గోరెంలో, కుడితి తొట్టిలో, బకెట్టులో ఉన్న కొద్దిపాటి నీళ్ళలో కూడా పసిబిడ్డ తలకిందుగా పడితే ప్రాణానికి ముప్పు. తొట్టిమీద మూత, బావికి గోడ ఉండాలి. ట్రాక్టరు వెనుక, పాల బండి తిరిగే చోట ఆడనివ్వకూడదు. శుభ్రమైన వాకిట్లో ఉత్తకాళ్ళతో ఆడితే అరికాలికి మంచిదే. మలవిసర్జన చేసే చోట, పెంటకుప్పల దగ్గర మాత్రం చెప్పులు తప్పనిసరి. కొంకిపురుగు అరికాలి చర్మం గుండానే ఒంట్లోకి వెళుతుంది. ఆట ముగిశాక సబ్బుతో చేతులు కడిగించిన తరువాతనే తిండి.

అన్ని మాటలకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. కొందరు పిల్లలలో ఆలస్యం మామూలు ఆలస్యం కాకపోవచ్చు. తొమ్మిది నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోకపోవడం, ఏడాదిన్నర దాటినా నడవకపోవడం, ఏడాది నిండకముందే ఒక చేయి మాత్రమే వాడుతూ రెండో చేయి బిగుసుకొని ఉండడం, వచ్చిన నేర్పు మళ్ళీ పోవడం గుర్తులు. మూడు నాలుగేళ్ళ పిల్లవాడు మాటిమాటికీ పడుతూ, నేలమీదనుంచి లేచేటప్పుడు చేతులు తొడలమీద ఆనించి పాకించుకుంటూ లేస్తుంటే కూడా చూపించాలి. ఇవి గమనిస్తే దిష్టి అని, నిదానమని ఊరుకోవద్దు. అంగన్‌వాడీ కార్యకర్తకు, ఆశా కార్యకర్తకు చెప్పి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళండి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వచ్చి పిల్లలను పరీక్షించాలి. ఆ రోజున మీ బిడ్డ తప్పక అక్కడ ఉండేటట్లు చూడండి. మొక్కై వంగనిది మానై వంగదన్నారు. ముందుగా చూపించిన బిడ్డకు చేయగలిగింది ఎక్కువ.

సంఘం చేయగల పని

ఇక మొదట చెప్పిన సాయంత్రపు గంట దగ్గరకు వద్దాం. ఏ ఒక్క తల్లీ ఒంటరిగా ఆ గంటను సంపాదించలేదు. గేదె దగ్గర ఆమె ఉండక తప్పదు. కాని మనది సహకార సంఘం. ఒక్కరి వల్ల కాని పనిని పదిమంది కలిసి చేయడానికే దీనిని పెట్టుకున్నాం. ఒక గేదె పాలు పట్నానికి పంపడం ఒక్కరివల్ల కాలేదు, అందరం కలిస్తే అయింది. ఇదీ అటువంటిదే.

పాల కేంద్రం పక్కన, బండి వచ్చే దారికి దూరంగా, నాలుగు సెంట్ల జాగా ఉంటే చాలు. లేకపోతే బడి ఆవరణ, గుడి ముందటి చోటు అడుగుదాం. రాళ్ళు, ముళ్ళు ఏరించి చదును చేయిద్దాం. సున్నంతో తొక్కుడు బిళ్ళ గళ్ళు రెండు, పరుగు గీతలు నాలుగు గీయిద్దాం. పాత తాటి దుంగ ఒకటి జానెడు మించి పైకి రాకుండా నేలలో పాతితే, పిల్లలు దానిమీద చేతులు చాచి నడుస్తారు. పాత టైర్లు నాలుగు సగానికి పాతి, నీరు నిలిచి దోమలు పెరగకుండా మట్టి నింపితే ఎక్కి దూకుతారు. ఒక తాడు, రెండు గుడ్డ బంతులు. ఇంతకన్నా సామాను అక్కరలేదు.

మనిషి కావాలి. సభ్యుల ఇళ్ళలో పాలు పితికే పని లేని పెద్దలు ఉన్నారు, తాతలు, నాయనమ్మలు, అమ్మమ్మలు ఉన్నారు. వంతులవారీగా రోజుకు ఇద్దరు అక్కడ కూర్చుంటే చాలు. వారికి తెలిసిన ఆటలు మనవలకు నేర్పితే వారికీ కాలక్షేపం. వంతుల పట్టిక పాల లెక్కల పక్కనే గోడకు అంటించండి. ఫోను మాత్రం ఆ జాగాలోకి రాకూడదనే నియమం పెట్టండి. అది పెద్దలకు కూడా వర్తిస్తుంది.

వచ్చే సర్వసభ్య సమావేశం రోజున ఉదయం పిల్లలకు పోటీలు పెట్టండి. గోనెసంచి పరుగు, మూడు కాళ్ళ పరుగు, చెంచాలో నిమ్మకాయ, ఒంటికాలి పరుగు. ఆడపిల్లలకూ, మగపిల్లలకూ కలిపే పెట్టండి. గెలిచినవారికే కాకుండా పాల్గొన్న ప్రతి బిడ్డకూ ఒక గ్లాసు పాలు ఇవ్వండి.

పాలు వెచ్చగా ఉన్నప్పుడే కేంద్రానికి చేర్చాలని, ఆలస్యమైతే పులిసిపోతాయని మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. పిల్లల వయసు కూడా అటువంటిదే. నిలకడ, పరుగు, గెంతు నేర్చుకునే వేళ పదేళ్ళలోపే ఎక్కువగా ఉంది. ఈ సంవత్సరం ఐదేళ్ళ బిడ్డ వచ్చే సంవత్సరానికి ఆరేళ్ళ బిడ్డ అవుతుంది, మనకోసం ఆగదు. కనుక ఈ సభలోనే తీర్మానం చేయండి. జాగా ఎక్కడ, దుంగ ఎవరు ఇస్తారు, మొదటి వారం వంతు ఎవరిది అన్నవి తేల్చుకొనే లేవండి.